రిజిస్టరుకెక్కని విషం

వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో 1997 నుంచి 2002 దాకా, ఆరేళ్లలో, పురుగుమందు విషంతో చేరినవాళ్లు 8,040 మంది. వాళ్లలో నూటికి 22.6 మంది చనిపోయారు. ఆసుపత్రి రికార్డులు తిరగేసి ఈ లెక్క తేల్చిన వైద్య పరిశోధన 2005లో అచ్చయింది. అందులో 2002 సంవత్సరం గురించి మరికొన్ని వివరాలున్నాయి. చేరినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ముప్ఫయ్యేళ్ల లోపువాళ్లు. నూటికి 57 మంది మగవాళ్లు. నూటికి 96 మంది తమంతట తామే తాగినవాళ్లు. ఏ మందు అన్నది తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగానికి రెండే రెండు మందులు కారణం: మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్.

ఈ అంకెల్ని మనం ఇంతకాలం రైతుల ఆత్మహత్యల కథగానే చదివాం. 1997-98లో లద్దెపురుగు పత్తి చేలను ఊడ్చేయడం, అప్పులు, కల్తీ మందులు, పురుగుల కోసం తెచ్చిన డబ్బానే మనిషి గొంతులోకి వంపుకోవడం - వీటి గురించి రాయడం అవసరం, రాశాం కూడా. కానీ ఒక సామాజికశాస్త్ర విద్యార్థిగా నేను ఆ 96 అనే అంకె దగ్గర ఆగిపోతాను. ఈ జిల్లాలో విషం దాదాపుగా నోటి గుండానే ఆసుపత్రికి చేరుతోందని ఆ రికార్డు చెబుతోంది. మరి చర్మం గుండా, ఊపిరి గుండా, తడిసిన చీర కుచ్చెళ్ల గుండా, తాగే నీటి గుండా ఒంట్లోకి ఇంకుతున్న విషం మాటేమిటి? తాగిన మనిషిని గంటలో ఆటోలో వేసుకుని తెస్తారు. ఇరవయ్యేళ్లుగా పీలుస్తున్న మనిషి ఏ గంటకి రావాలి? వచ్చి ఏమని చెప్పాలి? ఏ వార్డులో చేరాలి?

పాత వరంగల్ జిల్లాను 2016 తర్వాత ముక్కలు ముక్కలుగా పంచారు. పరకాల ఒక చోట, రేగొండ ఒక చోట, జనగామ మరో చోట అయ్యాయి. పత్తి మాత్రం అన్నిటిలోనూ ఉంది. ఆ ఊళ్లలో ఆడవాళ్లను ఆరోగ్యం గురించి అడిగితే జవాబులు ఒక తీరుగానే ఉంటాయి: ఒళ్లు గుంజుతది, కండ్లు మసకలైతయి, తల తిరుగుతది, అరికాళ్లు తిమ్మిరెక్కుతయి, నెలసరి సక్కగ రాదు. ఏం జబ్బని అడిగితే ఏమో తెల్వదంటారు. మందు కొట్టినప్పుడు ఇట్లా ఎక్కువవుతుందా అని అడిగితే అప్పుడు ఆలోచిస్తారు. అంతకు ముందు ఆ ప్రశ్న వాళ్లనెవరూ అడిగి ఉండరు.

మన భాష కూడా ఈ విషయంలో మనకు సాయం చేయదు. రోగం తగ్గించేదీ మందే, సాయంత్రం మగవాళ్లు తాగి వచ్చేదీ మందే, పత్తి మీద కొట్టేదీ మందే. విషం అనే మాట డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, నోటి మాటలో ఉండదు. ఏ పురుగుకి ఏ మందు, ఎంత మోతాదు, ఏది ఏదితో కలపాలి అన్నది దుకాణదారు చెబుతాడు. అదీ అప్పు మీద ఇస్తూ చెబుతాడు కాబట్టి ఎదురు ప్రశ్న ఉండదు.

ఇక్కడ కొంచెం ఓపిగ్గా రెండు రకాల విషాల గురించి తెలుసుకోవాలి. రెండింటి తీరూ వేరు.

మొదటి రకం డీడీటీ, బీహెచ్‌సీ, ఎండోసల్ఫాన్ వంటి ఆర్గానోక్లోరిన్లు. ఇవి నీళ్లలో సరిగా కరగవు, కొవ్వులో కరుగుతాయి. అంచేత డీడీటీ వంటివి మూత్రంలో పూర్తిగా బయటికి పోకుండా ఒంట్లోని కొవ్వులో చేరి కూర్చుంటాయి. గడ్డిలో కొంచెం ఉంటే దాన్ని మేసిన బర్రెలో ఇంకొంచెం ఎక్కువ, ఆ పాలు తాగిన మనిషిలో మరింత ఎక్కువ. డీడీటీ మనిషి శరీరంలో సగానికి తగ్గాలంటే ఏళ్లు పడుతుంది. ఎండోసల్ఫాన్ అంతకంటే త్వరగా పోతుంది. కానీ వారం వారం కొత్తగా వచ్చి చేరుతుంటే పాతది పోయి లాభమేముంది? 1993లో భారత వైద్య పరిశోధన మండలి పన్నెండు రాష్ట్రాల నుంచి 2,205 పశువుల పాల నమూనాలు తెప్పించి పరీక్షిస్తే నూటికి 82 నమూనాల్లో డీడీటీ దొరికింది. నూటికి 37 నమూనాల్లో అది అనుమతించిన హద్దు దాటింది. వ్యవసాయంలో డీడీటీ వాడకాన్ని ఆపేసింది 1989లో. అంటే ఆపిన తర్వాత తేలిన సంగతి ఇది.

రెండో రకం మోనోక్రోటోఫాస్, మిథైల్ పారాథియాన్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు. ఇవి కొవ్వులో అట్లా నిల్వ ఉండవు. అందుకే వీటిని తెచ్చిన కొత్తలో పాతవాటికంటే నయం అని చెప్పారు. నిజానికి ఇక్కడ పేరుకునేది మందు కాదు, దాని దెబ్బ. నరాల మధ్య సంకేతాలను అదుపులో ఉంచే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును ఇవి పనిచేయకుండా చేస్తాయి. ఒకసారి దెబ్బతిన్న ఎంజైము రక్తంలో మళ్లీ మామూలు స్థాయికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. 1990లలో పత్తికి ఒక పంటకాలంలో పదిహేను ఇరవై సార్లు మందు కొట్టిన ఊళ్లున్నాయి. అంటే మొదటి దెబ్బ నుంచి కోలుకోకముందే రెండోది, అది మానకముందే మూడోది. ఇట్లా కిందికి జారుతూ వచ్చిన మనిషికి దసరా నాటికి కొంచెం మందు తగిలినా చాలు, పడిపోతుంది. చూసినవాళ్లు ఎండదెబ్బ అనుకుంటారు, పస్తుంది కాబట్టి పడిపోయింది అనుకుంటారు. దీర్ఘకాలం ఈ మందుల మధ్య పనిచేసినవాళ్లలో జ్ఞాపకశక్తి తగ్గడం, చేతులూ కాళ్లూ మొద్దుబారడం, దిగులు కమ్మడం ఎక్కువగా కనిపించవచ్చని అనేక దేశాల పరిశోధనలు సూచించాయి. ఆ చివరిదాన్ని ఆత్మహత్యల లెక్క పక్కన పెట్టి ఎవరైనా ఆలోచించారా అని నాకు అనిపిస్తుంది.

డబ్బా మీద ఉండే త్రికోణం సంగతీ ఇక్కడే చెప్పాలి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ - ఈ రంగుల్ని చూసి ఏది ఎంత ప్రమాదమో తెలుసుకోమంటారు. ఆ రంగుకు ఆధారం ఏమిటంటే, ప్రయోగశాలలో జంతువుల్లో సగం చావడానికి ఎంత మోతాదు కావాలి అన్న లెక్క. అంటే ఒకేసారి తాగితే ఏమవుతుందో ఆ త్రికోణం చెబుతుంది. ఇరవై పంటకాలాలు చేతులతో కలిపితే ఏమవుతుందో అందులో లేదు. ఆకుపచ్చ త్రికోణం చూసి ఇది చల్లని మందు అని నమ్మేవాళ్ల తప్పేమీ లేదు.

సరే, ఎవరి చేతులు? మందు కొట్టేది మగవాడు అనే మాట మన వ్యవసాయశాఖ కరపత్రాల్లోనూ, కంపెనీల పోస్టర్లలోనూ, చాలాసార్లు మన రాతల్లోనూ కనిపిస్తుంది. వీపున పంపు, నోటికి గుడ్డ, పక్కన ఎవరూ ఉండరు. ఆ బొమ్మ అబద్ధం. పంపులోకి నీళ్లు మోసుకొచ్చేది ఆడమనిషి. చిక్కటి మందును బకెట్లో పోసి, పుల్ల దొరక్కపోతే చేత్తో కలిపేది ఆడమనిషి. ఖాళీ అయిన పంపును మళ్లీ మళ్లీ నింపేది ఆమే. పంపులోని పలచటి ద్రావణం అతని వీపు మీద కారుతుంటే, డబ్బాలోని చిక్కటి విషం ఆమె వేళ్ల మీద పడుతుంది.

ఇది నా ఊహ కాదు. 2003 పంటకాలంలో ఆంధ్రప్రదేశ్‌లోని మూడు ఊళ్లలో పత్తి పండించే స్త్రీలే తమ ఒంట్లోనూ, తమ ఇంటి మగవాళ్ల ఒంట్లోనూ మందు కొట్టిన తర్వాత కనిపించిన లక్షణాల్ని రాసిపెట్టారు. ఫ్రాన్సెస్కా మాన్సినీ, ఆమెతో పనిచేసిన పరిశోధకులు 2005లో దాన్ని ప్రచురించారు. 323 సందర్భాలు నమోదైతే, నూటికి 83.6 సందర్భాల్లో స్వల్పం నుంచి తీవ్రం దాకా ఏదో ఒక విషలక్షణం ఉంది. నూటికి పదిసార్లు మూడు లేదా అంతకంటే ఎక్కువ నరాల లక్షణాలు కలిసి కనిపించాయి. నూటికి ఆరుసార్లు అవి చాలా తీవ్రంగా ఉన్నాయి. అయినా ఒక్కరూ వైద్యుడి దగ్గరికి పోలేదు. మందు కలపడం, పంపు నింపడం అనే ఆడవాళ్ల పనులు నేరుగా పిచికారీ చేయడంతో సమానమైన ప్రమాదం ఉన్న పనులే అని ఆ పరిశోధన తేల్చింది. భూస్వాములకంటే చిన్న, పేద రైతులే ఎక్కువ తీవ్రంగా దెబ్బతిన్నారని కూడా తేల్చింది. ఆ పుస్తకాల్లో రాసుకున్నది స్త్రీలే కావడం నాకు ముఖ్యమనిపిస్తుంది. ఆసుపత్రి రిజిస్టరులో చోటు దొరకనివాళ్లు తమ రిజిస్టరు తామే రాసుకున్నారు.

పొలం దగ్గరితో అయిపోదు. మందు కొట్టి వచ్చిన మగవాడి బట్టలు ఉతికేదెవరు? ఇంట్లో చంటిపిల్ల బట్టలతో పాటే ఒక్క గాబులో తడుస్తాయవి. ఏరిన పత్తి అమ్మేదాకా ఉండేది ఇంట్లోనే, చాలా ఇళ్లలో పడుకునేదీ దాని పక్కనే. పంట అయిపోయాక పత్తికట్టె పొయ్యిలోకి పోతుంది. పంటకాలమంతా మందు తాగిన కట్టెను ఊదుతూ కూర్చునే ఆడమనిషి పొగను ఎవరు పరీక్షించారు? కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనాల తోటల్లో వేలమంది ఆడపిల్లలు బడి మాని పూలు దాటించే పని చేశారన్నది 1990ల చివరి నుంచీ తెలిసిన విషయమే. వాళ్లకిప్పుడు ముప్ఫై నలభై ఏళ్లుంటాయి. ఎనిమిదేళ్ల వయసు నుంచి ఆ మొక్కల మధ్య నిలబడ్డ ఒళ్లు ఇప్పుడెట్లా ఉందో చూడాలన్న ఆలోచన ఎవరికీ ఉన్నట్టు లేదు.

గర్భం గురించీ పాల గురించీ రాయడానికి నాకు కొంచెం భయంగానే ఉంటుంది. కొవ్వులో దాగిన విషం తల్లి ఒంట్లోంచి బయటికి పోయే ముఖ్యమైన దారి చనుబాలు. ఈ మాట వినగానే పాలివ్వడం మాన్పించి డబ్బాపాలు అమ్మడానికి సిద్ధంగా ఉండేవాళ్లున్నారు. తల్లిపాలు మానొద్దని, ఆ పాలవల్ల బిడ్డకు జరిగే మేలు చాలా ఎక్కువని వైద్యులు చెబుతున్నది నిజం. నేననేది వేరు. తన పాలలో ఏముందో ఆ తల్లి ఎంచుకోలేదు. ఆమెకు చెప్పనైనా చెప్పలేదు. పునరుత్పత్తి హక్కులంటే పిల్లల్ని కనాలా వద్దా అన్న నిర్ణయం ఒక్కటే కాదు, ఏ ఒంటితో కంటామన్నది కూడా కదా?

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 మంది ఉన్నారు. దీనికీ పురుగుమందులకూ లంకె ఉందని నేననడం లేదు. ప్రైవేటు ఆసుపత్రుల వ్యాపారం, పనికి అడ్డం రాకూడదన్న పేదరికం, క్యాన్సర్ భయం - కారణాలు చాలా ఉన్నాయి. నేననేది ఒక్కటే: నెలసరి ఆగకుండా పోతోందని వచ్చిన కూలి మనిషిని ఏం పని చేస్తావు, ఆ చేలో ఏం కొడతారు అని అడగడానికి పట్టే సమయం రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు లేవు కానీ గర్భసంచి తీయడానికి బల్ల మాత్రం సిద్ధంగా ఉంటుంది.

రుజువేది అని అడుగుతారు. కాసరగోడును తలుచుకోండి. కేరళలోని ఆ జిల్లాలో ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషన్ జీడిమామిడి తోటల మీద 1970ల నుంచి 2000 దాకా హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ చల్లారు. ఏళ్ల తరబడి పోరాడితే 2011 మేలో సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను నిలిపివేసింది. 2017 జనవరిలో ఐదు వేలమందికి పైగా బాధితులకు తలా 5 లక్షల రూపాయలు ఇవ్వమని ఆదేశించింది. అక్కడ ఒకే తోట, ఒకే మందు, ఒకే యజమాని. వేలు చూపించడానికి ఒక హెలికాప్టర్ ఉంది. ఇక్కడ వరంగల్లో వేల పొలాలు, డజన్లకొద్దీ మందులు, ఒక్క పంపులోనే రెండు మూడు కలిపినవి, కొట్టింది మన చేతులే. అదే ఎండోసల్ఫాన్ ఇక్కడా ఏళ్ల తరబడి కొట్టాం. ఇక్కడ బాధితుల జాబితా లేదు. ఇంతమందికి ఇన్ని చోట్ల జరిగిన నష్టాన్ని ఏ ఒక్క మందుకో అంటగట్టి రుజువు చేయమని ఒక కూలి స్త్రీని అడగడం, ఆమె కేసు ముందే కొట్టేయడం లాంటిది. నల్లగొండలో ఫ్లోరైడు ఎముకల్లో పేరుకుంది. కనీసం అక్కడ వంగిన ఎముక కంటికి కనిపించింది, పార్టీలన్నీ ఫోటోలు దిగాయి. ఇది కంటికి కూడా కనిపించదు.

నిషేధాలు రాలేదా అంటే వచ్చాయి, నత్తనడకన. 2005లో మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడొద్దన్నారు. పత్తి మీద అదే మందు కొనసాగింది. పత్తి తినం కదా అన్నది తర్కం కాబోలు. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి మధ్యాహ్న భోజనంలో అది కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. 2017లో మనకు ఎగువనే ఉన్న యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. ద్రవరూపంలో ఎక్కువగా అమ్ముడయ్యే మోనోక్రోటోఫాస్ 36 శాతం రకాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది 2023లో. కూరగాయ తినేవాడి నోటికీ, పత్తి చేలో నిలబడే ఆమె చర్మానికీ మధ్య పద్దెనిమిదేళ్ల తేడా ఉందన్నమాట. 2002లో బీటీ పత్తి వచ్చాక ఇక మందులు అక్కర్లేదన్నారు. కాయతొలిచే పురుగుకి కొన్నాళ్లు తగ్గాయి. పచ్చదోమకీ తెల్లదోమకీ కొట్టడం మొదలైంది, తర్వాత గులాబీరంగు పురుగు తిరిగొచ్చింది.

చట్టంలో మనం పట్టుకోగల కొసలు లేకపోలేదు. 1968 కీటకనాశక మందుల చట్టం 26వ సెక్షన్ ప్రకారం, మందు వాడకంవల్ల జరిగిన ప్రతి విషప్రయోగాన్నీ తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్‌తో ఆదేశించవచ్చు. 27వ సెక్షన్ కింద ప్రమాదకరమైన మందు అమ్మకాన్ని తాత్కాలికంగా ఆపవచ్చు. 1971 నిబంధనల్లో 37వది పిచికారీ పనిలో ఉన్నవాళ్లకు కూడా ఏడాదికోసారి వైద్యపరీక్ష జరగాలంటుంది. కానీ ఆ నిబంధన ఊహించుకున్న మనిషికి ఒక యజమాని ఉంటాడు, ఒక ఫ్యాక్టరీ గేటు ఉంటుంది. రెండెకరాలు కౌలుకు చేసుకునే ఇంట్లో, మొగుడి పంపు నింపే ఆడమనిషికి యజమాని ఎవరు? నేను తిరిగిన ఊళ్లలో ఏ పత్తి కైకిలి స్త్రీకీ ఆ రక్తపరీక్ష జరిగిన దాఖలా నాకు ఎదురుకాలేదు. 2018లో తెచ్చిన రైతుబీమా పట్టా ఉన్నవాళ్లకి, అదీ చనిపోతే. పట్టా లేని ఆమె, చావకుండా ఇరవయ్యేళ్లు కునారిల్లితే దాని కింద ఏమీ రాదు.

జాగ్రత్తలు పాటించరు, చదువులేదు అని ఆమెనే అంటారు. ఆశ్వయుజ మాసపు ఉక్కలో రబ్బరు తొడుగులూ, మాస్కూ, బూట్లూ వేసుకుని ఒక్క ఎకరం తిరిగి చూపించమని ఆ కరపత్రాలు రాసినవాళ్లను అడగాలి. చెమట పట్టిన చర్మం మందును ఇంకా తొందరగా పీల్చుకుంటుంది. వేసుకోలేని కవచాన్ని ఆధారం చేసుకుని అమ్మిన విషానికి, వేసుకోనివాళ్లది తప్పెట్లా అవుతుంది?

మందులేకుండా పత్తి పండదన్న మాటకు జవాబు మన దగ్గరే ఉంది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో స్త్రీల సంఘాలు పట్టుబట్టి నిలబడితే 2004 నాటికి ఊరు ఊరంతా పురుగుమందు మానింది. మన జనగామ దగ్గర ఏనబావి 2006 నాటికి మందులూ ఎరువులూ రెండూ వదిలేసింది. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, గట్ల మీద ఆముదం, బంతి. ఇవన్నీ సంతోషంగా చెప్పుకోవలసినవే. అయితే ఒక మాట. క్వింటాలు వేపగింజలు ఏరేదీ, ఎండబెట్టేదీ, దంచేదీ ఎవరు? విషం పోయిన చోట ఆమె పని గంటలు పెరిగితే ఆ గంటలకు కూలీ కట్టాలి. ప్రకృతి వ్యవసాయం పేరుతో ఇంకో కనబడని చాకిరీ మొదలుకాకూడదు.

ఇప్పటికి మనం అడగగలిగినవి పెద్దవేం కావు. పత్తి పెట్టకముందు ఒకసారి, ఏరుళ్లయ్యాక ఒకసారి కైకిలి స్త్రీలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కోలినెస్టరేజ్ పరీక్ష చేయాలి. ఓపీ చీటీ మీద పేరు, వయసు పక్కన చేసే పని, చేలో కొట్టిన మందు అని మరో గడి ఉండాలి. 26వ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఇచ్చి, తాగిన కేసులే కాక పనిలో తగిలిన కేసుల్ని కూడా నమోదు చేయించాలి. పరిహారం పట్టాతో ముడిపెట్టకూడదు. 1968 చట్టం బదులు కొత్త చట్టం తేవాలని 2008లోనూ 2020లోనూ రాజ్యసభలో బిల్లులు పెట్టారు. ఏ కొత్త చట్టం వచ్చినా, హాని లేదని రుజువు చేయవలసింది అమ్మినవాడే అన్న ఒక్క వాక్యం అందులో ఉండాలని మన సంఘాలన్నీ గట్టిగా అడగాలి.

ఈలోగా పాఠకులకు ఒక విన్నపం. మీ ఊళ్లో ఈ పంటకాలంలో మందు కొట్టిన రోజుల్ని ఒక నోటుపుస్తకంలో రాయండి. డబ్బా మీది పేరు, త్రికోణం రంగు, ఎన్ని పంపులు, మందు కలిపినదెవరు, నీళ్లు మోసినదెవరు, బట్టలు ఉతికినదెవరు, ఆ రాత్రీ మర్నాడూ వాళ్లకెట్లా ఉంది. రాయడం రాని అక్క చెబితే బడికి పోయే పిల్లతో రాయించండి. పేర్లు అక్కర్లేదు, వయసు చాలు. ఏరుళ్లయ్యాక, సంక్రాంతి లోపు మాకు పంపండి.